నోటీసు పూర్తిగా ఇవ్వలేని పరిస్థితిలో ఉద్యోగం మానేయడం: విశాఖ ఉద్యోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

రుషికొండ ఐటీ సెజ్‌లో కంప్యూటరు ముందు కూర్చునేవారైనా, గాజువాక ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేసేవారైనా, మధురవాడలో ప్రైవేటు స్కూలు టీచర్లయినా, ఉన్నపళంగా ఉద్యోగం మానేయవలసి వచ్చినప్పుడు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. భయం వల్ల చాలామంది చెప్పాపెట్టకుండా వెళ్లిపోతున్నారు, దానివల్ల చిన్న చిక్కు పెద్దదవుతోంది. అందుకే అవే సందేహాలకు ఇక్కడ ఒకచోట జవాబులు రాస్తున్నాము. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## రాజీనామాకు ముందు

నోటీసు ఇవ్వకుండా మానేస్తే పోలీసు కేసు పెడతారా?

నోటీసు ఇవ్వకపోవడం నేరం కాదు. అది మీకూ యాజమాన్యానికీ మధ్య ఉన్న ఒప్పందంలోని ఒక షరతు. దాన్ని పాటించకపోతే 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద సివిల్ కోర్టులో నష్టపరిహారం అడిగే హక్కు యాజమాన్యానికి ఉంటుంది, అంతవరకే. ఇష్టం లేని మనిషిని ఫలానా చోట పనిచేసి తీరాలని కోర్టు కూడా ఆదేశించదు. వ్యక్తిగత సేవకు సంబంధించిన ఒప్పందాలను బలవంతంగా అమలు చేయించడం 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ప్రకారం కుదరదు. అయితే కంపెనీ ల్యాప్‌టాప్, వసూలు చేసిన నగదు, స్టాకు, వాహనం వంటివి మీ దగ్గరే ఉంచుకుని వెళ్లిపోతే విషయం మారుతుంది. అప్పుడు భారతీయ న్యాయ సంహితలోని 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహమని ఫిర్యాదు చేసే అవకాశాన్ని మీరే ఇచ్చినట్లవుతుంది.

అపాయింట్‌మెంట్ లెటర్‌లో 90 రోజుల నోటీసు అని ఉంది. అన్ని రోజులూ చేయాల్సిందేనా?

ముందు ఆ పేరాను చివరి వాక్యం వరకు చదవండి. చాలా లెటర్లలో "లేదా తక్కువైన రోజులకు సమానమైన జీతం" అనే మాట ఉంటుంది. ఆ వెసులుబాటు ఇద్దరికీ ఉందా, లేక యాజమాన్యం ఇష్టాన్ని బట్టి మాత్రమేనా అన్నది చూడాలి. ప్రొబేషన్‌లో ఉన్నవారికి నోటీసు తక్కువ ఉండవచ్చు, మీ ప్రొబేషన్ పూర్తయినట్లు లెటరు వచ్చిందో లేదో గుర్తు చేసుకోండి.

ఆ తరువాత చూడవలసినది, తక్కువైన రోజులకు పడే కోత బేసిక్ (మూల వేతనం) మీదా లేక మొత్తం జీతం మీదా అన్నది. ఉదాహరణకు మీ బేసిక్ 18,000 రూపాయలు, మొత్తం జీతం 36,000 రూపాయలు, నోటీసు 60 రోజులు, మీరు పనిచేయగలిగినవి 20 రోజులు అనుకుందాం. తక్కువైన 40 రోజులకు బేసిక్ లెక్కన 24,000 రూపాయలు, మొత్తం జీతం లెక్కన 48,000 రూపాయలు అవుతుంది. ఈ ఒక్క మాట మీద సగానికి సగం తేడా వస్తుంది కాబట్టి, రాజీనామా పంపేముందే హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవడం మంచిది.

నాకు అపాయింట్‌మెంట్ లెటరే ఇవ్వలేదు. నోటీసు ఎన్ని రోజులు ఇవ్వాలి?

జగదాంబ, డాబాగార్డెన్స్ ప్రాంతాల దుకాణాల్లోనూ, చిన్న ఆసుపత్రుల్లోనూ, ట్రావెల్స్ ఆఫీసుల్లోనూ పనిచేసేవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 60 రోజులు, 90 రోజులు అని యజమాని అప్పటికప్పుడు చెప్పే లెక్కకు ఆధారం ఉండదు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 ప్రకారం ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని తీసేయాలంటే యజమానే ఒక నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి. మీరు కూడా వీలైతే నెల రోజులు, వీలుకాకపోతే ఇవ్వగలిగినన్ని రోజులు ముందుగా తెలియజేయడం న్యాయంగా ఉంటుంది. మీరు అక్కడ పనిచేసినట్లు రుజువు చేసే బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ నంబరు, యజమానితో జరిపిన వాట్సాప్ సంభాషణలు ముందే భద్రపరచుకోండి.

రెండేళ్లు మానకూడదని బాండ్ రాయించుకున్నారు. అది చెల్లుతుందా?

"బాండ్లేవీ చెల్లవు" అని స్నేహితులు చెప్పే మాటను నమ్మి అడుగు వేయకండి. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకుండా మానేస్తే 2 లక్షల రూపాయలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు 2025 మే నెలలో సమర్థించింది. అలాగని బాండ్‌లో రాసిన అంకె మొత్తం కట్టి తీరాలని కూడా లేదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, రాసుకున్న మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే ఇప్పిస్తారు. మీ శిక్షణకు నిజంగా ఖర్చు పెట్టారా, బాండ్ కాలంలో ఎంత భాగం మీరు పనిచేశారు అన్నవి లెక్కలోకి వస్తాయి. శిక్షణ పేరుతో నాలుగు రోజులు పాత ఉద్యోగి పక్కన కూర్చోబెట్టి మూడు లక్షలు అడిగితే, ఖర్చు వివరాలు రాతపూర్వకంగా చూపమని మర్యాదగానే అడగవచ్చు. ఇక మానేశాక పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు అదే చట్టం 27వ సెక్షన్ కింద సాధారణంగా చెల్లదు. పాత సంస్థ రహస్య సమాచారాన్ని వాడకూడదన్న షరతు మాత్రం మీతోనే ఉంటుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం చేసిన ఖాళీ చెక్కు తీసుకున్నారు. ఎలా?

మీ చదువు సర్టిఫికెట్లు తాకట్టు వస్తువులు కావు, వాటిని ఆపే హక్కు యాజమాన్యానికి లేదు. రాజీనామా ప్రస్తావన రాకముందే, పాస్‌పోర్టుకో బ్యాంకు లోనుకో ఒరిజినల్స్ అవసరమైతే ఆ మాటే చెప్పి తీసుకోండి. అప్పటికే గొడవ మొదలైతే, ఏయే సర్టిఫికెట్లు ఏ తేదీన ఇచ్చారో పేర్కొంటూ లేఖ పంపి, ఇవ్వకపోతే లాయరు నోటీసు ఇప్పించండి. చెక్కు విషయంలో, అది బౌన్సయినంత మాత్రాన నేరం నిలబడదు. చట్టప్రకారం వసూలు చేయదగిన బాకీ ఉండాలి. అయినా చెక్కు నంబరు రాసి, దాన్ని ఏ బాకీకీ ఇవ్వలేదని ముందుగానే యాజమాన్యానికి లేఖ పంపి ఉంచుకోవడం మంచిది. చెక్కు బౌన్సయినట్లు నోటీసు వస్తే 15 రోజులలోపు లాయరును కలవాలి, దాన్ని పక్కన పడేయకూడదు.

ఆరోగ్యం బాగోలేదు, రేపటి నుంచి వెళ్లలేను. రాజీనామా చేసేయనా?

తొందరపడకండి. మీ జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ కోత పడుతున్నట్లయితే, అర్హతకు తగినన్ని రోజుల చందా ఉన్నవారికి ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం చొప్పున అనారోగ్య భృతి వస్తుంది. ఉద్యోగంలో ఉండగానే డిస్పెన్సరీకో మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రికో వెళ్లి సర్టిఫికెట్ తీసుకోండి. ఈఎస్ఐ లేనివారు డాక్టరు సర్టిఫికెట్ జతచేసి ముందు సెలవు అడగండి. ఆ సెలవులోనే నోటీసు తగ్గించమని కోరవచ్చు. వైద్య కారణం కాగితంతో చూపినప్పుడు మినహాయింపు ఇచ్చే సంస్థలు చాలానే ఉన్నాయి.

ఆఫీసులో పై అధికారి అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడు. నోటీసు రోజులు కూడా అక్కడ ఉండలేను.

మీరు ఉండవలసిన అవసరం లేదు. ఇలాంటి చోట నోటీసు లెక్క కన్నా మీ భద్రతే ముందు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ప్రకారం మీ సంస్థలోని అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేసి, విచారణ జరుగుతుండగా మూడు నెలల వరకు ప్రత్యేక సెలవు గానీ బదిలీ గానీ ఇప్పించమని రాతపూర్వకంగా కోరవచ్చు. ఈ సెలవు మీ మామూలు సెలవుల్లో నుంచి పోదు. పదిమంది కన్నా తక్కువ ఉద్యోగులున్న చోటయితే జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వాలి. సంఘటన జరిగిన మూడు నెలలలోపు ఫిర్యాదు చేయాలన్న గడువును గుర్తుంచుకోండి. ఇప్పటికే రాజీనామా చేసినా ఫిర్యాదు చేసే హక్కు పోదు.

మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాను. తీరేదాకా పని మానకూడదంటున్నాడు.

అప్పు చూపించి మనిషిని పనిలో కట్టిపడేయడం 1976 నుంచి నిషేధం. అది వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం, తప్పు అలా చేసినవారిదే గాని మీది కాదు. జిల్లా కలెక్టరుకు గానీ ఆర్డీఓకు గానీ నేరుగా ఫిర్యాదు చేయండి. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఐదేళ్లు నిండటానికి కొన్ని వారాలే ఉంది. ఇప్పుడు మానేస్తే గ్రాట్యుటీ పోతుందా?

పర్మనెంటు ఉద్యోగికి ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. నోటీసు కాలంలో పనిచేసిన రోజులు కూడా సర్వీసులోకే వస్తాయి. నోటీసుకు బదులు డబ్బు కట్టి త్వరగా బయటపడితే, చివరి పనిదినం ముందే వచ్చేసి ఐదేళ్లు నిండకుండా పోయే ప్రమాదం ఉంది. గ్రాట్యుటీ సూత్రం ఏడాదికి 15 రోజుల వేతనం, నెలను 26 రోజులుగా లెక్కిస్తారు. 26,000 రూపాయల వేతనం మీద ఐదేళ్లకు 75,000 రూపాయలు వస్తుంది. కొత్త సంస్థను రెండు మూడు వారాల గడువు అడగడం ఎంత ఇబ్బంది అనిపించినా ఇక్కడ అడిగి తీరాలి. నిర్ణీత కాల ఒప్పందం మీద పనిచేసేవారికి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం ఏడాది సర్వీసు చాలు.

## లేఖ ఇచ్చేటప్పుడు

పూర్తి నోటీసు ఇవ్వలేనని లేఖలో ఎలా రాయాలి?

చివరి తేదీ, ఎందుకు తగ్గించమంటున్నారు, తక్కువైన రోజులకు మీరు ఇచ్చే ప్రత్యామ్నాయం, ఈ మూడూ స్పష్టంగా ఉంటే చాలు. మేనేజరు మీద ఉన్న కోపం ఆ లేఖలో పెట్టకండి. రేపు వివాదం వస్తే అందరూ చదివేది ఆ కాగితమే. ఒక నమూనా:

"మా అమ్మగారి అనారోగ్యం కారణంగా నేను నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. ఒప్పందం ప్రకారం 60 రోజుల నోటీసు ఇవ్వవలసి ఉన్నప్పటికీ, ఈ నెల 20వ తేదీ వరకు మాత్రమే విధులకు హాజరు కాగలను. నా ఖాతాలో మిగిలి ఉన్న 11 రోజుల ఆర్జిత సెలవును నోటీసులో సర్దుబాటు చేసి, ఇంకా తక్కువైన రోజులకు ఒప్పందం ప్రకారం రావలసిన మొత్తాన్ని నా తుది లెక్కలో మినహాయించుకోవలసిందిగా కోరుతున్నాను. ఈలోగా మీరు సూచించినవారికి నా పని పూర్తిగా అప్పగిస్తాను."

నా రాజీనామా తీసుకోవడం లేదు. "ఒప్పుకోం" అంటున్నారు.

నోటితో చెప్పినది రేపు ఎవరికీ గుర్తుండదు. ఆఫీసు మెయిల్ నుంచి మేనేజరుకు, హెచ్ఆర్‌కు కలిపి పంపి, ఒక కాపీ మీ సొంత మెయిల్‌కు పెట్టుకోండి. ఆఫీసు మెయిల్ మూసేస్తే ఆ రుజువు కూడా దానితోనే పోతుంది. మెయిల్ వాడకం లేని చోట స్పీడ్ పోస్ట్‌లో పంపి, రసీదును, చేరినట్లు చూపే ట్రాకింగ్ పేజీ స్క్రీన్‌షాట్‌ను భద్రపరచండి. ప్రైవేటు ఉద్యోగంలో యాజమాన్యం "ఒప్పుకోలేదు" అన్నంత మాత్రాన మీరు కలకాలం అక్కడే ఉండిపోవలసిన పని లేదు; వారు నిర్ణయించుకోగలిగేది నోటీసు తగ్గించడమా, డబ్బు కోయడమా అన్నదే.

డీఎస్సీలో టీచరు పోస్టు వచ్చింది. స్కూలు మాత్రం విద్యా సంవత్సరం మధ్యలో పంపనంటోంది.

16,347 పోస్టులతో వచ్చిన 2025 మెగా డీఎస్సీ తరువాత ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. ప్రభుత్వ పోస్టింగులో చేరే తేదీ మీ చేతిలో ఉండదు కాబట్టి, నియామక ఉత్తర్వు కాపీని రాజీనామాకు జతచేయండి. యాజమాన్యానికి కూడా పాఠాలు ఆగకూడదన్న బాధ న్యాయమైనదే. మిగిలిన సిలబస్ పట్టిక, దిద్దిన పేపర్ల మార్కులు, వెనకబడిన పిల్లల పేర్లు రాసి అప్పగిస్తే చాలాచోట్ల మాట మెత్తబడుతుంది. అంతకీ ఒప్పుకోకపోతే ఒప్పందంలో ఉన్న నోటీసు జీతం కట్టి చేరిపోండి, ప్రభుత్వ పోస్టింగు గడువు దాటనివ్వవద్దు.

నేను షిప్పు మీద ఉన్నాను. కాంట్రాక్టు మధ్యలో ఇంటికి రావాలంటే?

భారతదేశం 2015లో ఆమోదించిన మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ ప్రకారం నావికుడు ఇవ్వవలసిన నోటీసును ఏడు రోజుల కన్నా తక్కువగా నిర్ణయించకూడదు. అయితే ఇంట్లో మరణం, తీవ్ర అనారోగ్యం వంటి మానవీయ కారణాలకు అంతకన్నా తక్కువ నోటీసుతో, అవసరమైతే అసలు నోటీసు లేకుండా కూడా, జరిమానా పడకుండా దిగే వీలు ఉండాలని అదే కన్వెన్షన్ చెబుతోంది. మాస్టరుకు (ఓడ కెప్టెన్‌కు) రాతపూర్వకంగా ఇవ్వండి; ఇంటి దగ్గరవారు ఆసుపత్రి కాగితాలను మిమ్మల్ని పంపిన ఏజెన్సీకి మెయిల్ చేయాలి. తిరుగు ప్రయాణ ఖర్చు ఎవరిదన్నది మీ ఒప్పందంలో చూసుకోండి.

## నోటీసు రోజుల్లో

పది రోజులే ఉన్నాను. పని అప్పగింత ఎలా చేయాలి?

నోటీసు ఉద్దేశమే పని ఆగిపోకుండా చూడటం. అప్పగింత బాగా చేసినవారి మీద నష్టపరిహారం అడగడం యాజమాన్యానికి కష్టమవుతుంది, ఎందుకంటే జరిగిన నష్టమేమిటో వారే చూపించాలి. మొదటి రోజే ఒక పట్టిక తయారు చేయండి: నడుస్తున్న పనులు, ఒక్కొక్కటి ఎంతవరకు వచ్చింది, తరువాతి గడువు, ఎవరిని సంప్రదించాలి, ఫైళ్లు ఎక్కడున్నాయి. అకౌంట్సు విభాగంలో ఉన్నవారయితే జీఎస్టీ రిటర్నుల తేదీలు, పెండింగు బిల్లులు. స్టోర్సులో ఉన్నవారయితే రిజిస్టరులోని నిల్వ, కళ్లెదుట ఉన్న నిల్వ రెండూ పక్కపక్కన రాయండి, తేడా ఉంటే మీరున్నప్పుడే తేలాలి. ఆసుపత్రి నర్సులు డ్యూటీ మధ్యలో వదిలి వెళ్లకూడదు, చివరి షిఫ్టు అప్పగింత పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. ఎవరినీ నియమించకపోయినా పట్టికను చివరి రోజు మెయిల్‌లో పంపండి. తీసుకునేవారు లేకపోవడం మీ తప్పు కాదు, పంపకపోతే మాత్రం మీ తప్పవుతుంది.

ల్యాప్‌టాప్, ఐడీ కార్డు తీసుకోవడానికి ఎవరూ రావడం లేదు.

వస్తువు పేరు, సీరియల్ నంబరు, తేదీ రాసిన కాగితం మీద సంతకం తీసుకుని ఇవ్వండి. ఎవరూ తీసుకోకపోతే ఫొటోలు తీసి, బీమా చేసిన కొరియరులో పంపి మెయిల్‌లో తెలియజేయండి. కంపెనీ ఫైళ్లను మీ పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోవద్దు.

రాజీనామా ఇచ్చాక మనసు మారింది. వెనక్కి తీసుకోవచ్చా?

రాబోయే ఒక తేదీ నుంచి అమలులోకి వచ్చేలా ఇచ్చిన రాజీనామాను ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1978లో గోపాల్ చంద్ర మిశ్రా కేసులో చెప్పింది. ప్రైవేటు సంస్థల్లో ఒప్పందాన్ని బట్టి తేడాలుంటాయి కాబట్టి, అంగీకార మెయిల్ రాకముందే రాతపూర్వకంగా కోరడం మేలు.

## వెళ్లిన తర్వాత

చివరి నెల జీతం ఆపేశారు. ఎప్పటిలోగా ఇవ్వాలి?

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవారికి కూడా రావలసిన వేతనాన్ని రెండు పనిదినాలలోగా చెల్లించాలి. "45 రోజుల తరువాత ఫుల్ అండ్ ఫైనల్ (తుది లెక్క)" అని కంపెనీ పాలసీలో రాసుకున్నా, వేతనం విషయంలో చట్టమే పైచేయి. గ్రాట్యుటీకి మాత్రం 30 రోజుల గడువు ఉంది. లెక్క పత్రం అడిగి ప్రతి కోతనూ పరిశీలించండి. నోటీసు జీతం కోత మీద జీఎస్టీ వేస్తే ఒప్పుకోకండి. అది వర్తించదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టులోనే సర్క్యులర్ ఇచ్చింది. మెయిల్‌కు జవాబు రాకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు.

రిలీవింగ్ లెటరు (విధుల నుంచి విడుదల చేసినట్లు ఇచ్చే పత్రం) ఇవ్వడం లేదు. కొత్త కంపెనీ అడుగుతోంది.

రాజీనామా మెయిల్, అప్పగింత మెయిల్, చివరి మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్ కలిపి కొత్త హెచ్ఆర్‌కు ఇచ్చి ఉన్న విషయం చెప్పండి. నిజం చెప్పినవారికి చాలా సంస్థలు గడువు ఇస్తాయి. దొంగ లెటరు తయారు చేయించుకోవద్దు. ఇవాళ దొరక్కపోయినా వెరిఫికేషనులో దొరుకుతుంది, అప్పుడు కొత్త ఉద్యోగం కూడా పోతుంది. ఇది మనస్ఫూర్తిగా చెబుతున్న మాట.

పాత కంపెనీ పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ వేయడం లేదు.

చివరి చందా పడిన రెండు నెలల తరువాత ఆ తేదీని మీరే వేసుకోవచ్చు. పీఎఫ్ మెంబర్ పోర్టల్‌లో యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతా నంబరు)తో లాగిన్ అయి, మేనేజ్ విభాగంలోని మార్క్ ఎగ్జిట్ ఎంచుకుని, ఆధార్ మొబైలుకు వచ్చే ఓటీపీ ఇవ్వాలి. ఒకసారి వేసిన తేదీని మార్చడం కష్టం కనుక, కొత్త ఉద్యోగంలో చేరిన తేదీతో కలవకుండా జాగ్రత్తగా చూసుకోండి. డబ్బు తీసేయడం కన్నా బదిలీ చేసుకోవడం మంచిది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. పోర్టల్‌లో పని కాకపోతే మర్రిపాలెంలోని పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయంలో అడగవచ్చు, నెలనెలా 27న జరిగే నిధి ఆప్‌కే నికట్ కార్యక్రమంలోనూ అధికారులను నేరుగా కలవవచ్చు.

చెప్పకుండా మానేసి నెల దాటింది. "అబ్‌స్కాండింగ్" (చెప్పకుండా వెళ్లిపోయారు) అని మెయిల్ వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

ఆ మెయిల్‌కు ఇవాళే జవాబివ్వండి. విధులకు రాలేకపోయిన కారణం, చివరిగా పనిచేసిన తేదీ రాసి, ఆ తేదీ నుంచి రాజీనామాగా పరిగణించమని, నోటీసు జీతం లెక్క చెప్పమని కోరండి. వస్తువులేవైనా మీ దగ్గరుంటే వెంటనే పంపించండి. ఆలస్యమైనా సరే, అడిగితే "అబ్‌స్కాండింగ్"ను రాజీనామాగా మార్చిన సంస్థలు ఉన్నాయి. మౌనంగా ఉంటే మీ వైపు మాట రికార్డులో లేకుండానే ఫైలు మూసేస్తారు.

మూడు లక్షలు కట్టమని లీగల్ నోటీసు వచ్చింది. చాలా భయంగా ఉంది.

లీగల్ నోటీసు కోర్టు తీర్పు కాదు, అవతలి పక్షం లాయరు రాసిన లేఖ. అయినా అందులో ఇచ్చిన గడువులోగా జవాబు పంపండి. ఒప్పంద ఉల్లంఘన మీద దావా వేయడానికి మూడేళ్ల సమయం ఉంటుంది కాబట్టి, కాగితాలన్నీ అంతకాలం దాచి ఉంచండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత లాయరు సహాయం లభిస్తుంది. దానికి విశాఖ జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి. నోటీసు కవరు, మీ ఒప్పందం, రాజీనామా కాపీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ వెంట తీసుకెళ్లండి.